చింతగింజలు, పొరక పుల్లలతో పిలకాయలకు లెక్కలు చెప్పడం ఎట్లా

పిలకాయలకు లెక్కలు రావడం లేదని టెన్షన్ పడి ఆన్‌లైన్‌లో వేలు పోసి మ్యాథ్స్ కిట్లు తెప్పించేవాళ్లు మా తిరుపతిలో కూడా ఎక్కువయ్యారు. కొనుక్కోండి, వద్దనను. కానీ ఆ డబ్బాలో వచ్చే సరుకులో ముప్పావు వంతు మీ వంటింట్లోనో పెరట్లోనో ఉంటుంది. రెండు దోసిళ్ల చింతగింజలు, ఒక టెంకాయ పొరక, కాసిని రబ్బరు బ్యాండ్లు, గుడ్లు తెచ్చుకునే అట్ట ట్రే ఒకటి, పాత పెళ్లిపత్రికలు, ఒక పలక, సుద్దముక్క. ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా సగానికి పైగా లెక్కలు వీటితో చెప్పొచ్చు. సాయంత్రం ట్యూషన్‌లో నేను వాడేది ఇదే సామాను.

చింతగింజలు మన చిత్తూరు వైపు దొరక్కపోవడం అంటూ ఉండదు. ఎండాకాలంలో చింతపండు కొట్టే ఇంటికెళ్లి అడిగితే సంచిలో పోసిస్తారు. కడిగి, గలగలమనేదాకా ఎండబెట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పోసుకోండి, లేకపోతే పురుగు పట్టి పొడి రాలుతుంది. గురివింద గింజలు ఎర్రగా ముద్దుగా ఉన్నాయని లెక్కలకు ఇవ్వకండి, ఆముదం గింజలు కూడా ఇవ్వకండి. నమిలితే రెండూ విషమే. మూడేళ్ల లోపు తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉంటే చింతగింజలు కూడా వాళ్ల చేతికి అందనీయకూడదు, నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు.

మొదటి రోజు గింజలు చేతికిచ్చి కాసేపు ఊరికే వదిలెయ్యండి. కుప్పలు పోస్తారు, వరసలు పేరుస్తారు, ఒకరి మీద ఒకరు విసురుకుంటారు. ఆ సరదా తీరకుండా లెక్క మొదలుపెడితే మన మాట చెవికెక్కదు. ఒక్కొక్కరికి ఇరవై గింజలు విడిగా ఒక చిన్న డబ్బాలో పోసివ్వండి, వెళ్లేటప్పుడు ఇరవై లెక్కపెట్టి అప్పజెప్పమనండి. పద్దెనిమిదే ఉంటే ఎన్ని పోయాయో వాళ్లే చెప్పాలి. చిన్నవాళ్లకు రోజూ ఒక తీసివేత ఇట్లా అడక్కుండానే అయిపోతుంది.

ఇక అసలు సంగతి. వస్తువు చేతికిచ్చినంత మాత్రాన లెక్క రాదు. ఈ పుల్ల ఇక్కడ పెట్టు, ఆ గింజ అక్కడ పెట్టు అని మనం చెబుతూ పోతే పిలకాయ బట్టీనే పడుతుంది, నోటితో కాకుండా చేత్తో పడుతుంది, అంతే తేడా. చేత్తో కదిపిన ప్రతి కదలికా ఆ క్షణంలోనే పలక మీద అంకెగా పడాలి, మధ్యమధ్యలో దాన్ని బొమ్మగా కూడా గీయాలి. జెరోమ్ బ్రూనర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1960ల్లో చెప్పిందీ ఇదే: ముందు చేత, తర్వాత బొమ్మ, ఆ తర్వాత గుర్తు. సింగపూర్ వాళ్లు 1980ల నుంచి బడుల్లో లెక్కలు చెప్పేది ఈ దారిలోనే.

పొరక పుల్లలు, కట్టలు

మీకు ఒక్కదానికే ఓపిక ఉందనుకుంటే ఇది చెయ్యండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు. మూడు నాలుగు తరగతుల్లో తప్పులన్నీ తవ్వుకుంటూ పోతే చాలా వరకు ఒకట్లు, పదులు, వందల దగ్గరే తేలతాయి.

టెంకాయ పొరక విప్పి పుల్లల్ని బెత్తెడు ముక్కలుగా, అన్నీ ఒకే పొడవుండేట్టు కత్తిరించండి. పది పుల్లలు లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేస్తే ఒక కట్ట. పది కట్టలు కలిపి కడితే పెద్దకట్ట, అంటే వంద. ఈ కట్టలు మీరు కట్టి ఇవ్వకూడదు. పిలకాయే పది లెక్కపెట్టాలి, పిలకాయే బ్యాండు వేయాలి. పది అనేది పది పుల్లలూ అవుతుంది, ఒక కట్టా అవుతుంది. ఈ రెండూ ఒకేసారి బుర్రలో నిలవాలంటే తన చేత్తో కట్టి, తన చేత్తో విప్పి ఉండాలి.

ఇప్పుడు మూడు కట్టలు, నాలుగు విడిపుల్లలు ముందు పెట్టి మొత్తం ఎన్ని పుల్లలని అడగండి. కట్టలో పుల్లల్ని మళ్లీ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం మొదలుపెడితే వాడికి కట్ట మీద ఇంకా నమ్మకం కుదరలేదని అర్థం. కసరకండి, లెక్కపెట్టనివ్వండి. కొన్నాళ్లకు దానంతటదే పది, ఇరవై, ముప్పై, ముప్పై ఒకటి అని వస్తుంది. వచ్చాక 34, 43 రెండూ పక్కపక్కన పేర్చమనండి. అంకెలు అవే అయినా కుప్పలు వేరని కళ్లకు కనబడుతుంది. 40 పేర్చమన్నప్పుడు విడిపుల్లల చోటు ఖాళీగా ఉంటుంది కదా, సున్నా ఎందుకు రాయాలో చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు.

తీసివేతకు వద్దాం. 52 లోంచి 27 తీసెయ్యమంటే 35 అని రాసే పిలకాయలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఏడులోంచి రెండు తీస్తే ఐదు, ఐదులోంచి రెండు తీస్తే మూడు. ఎటు వీలైతే అటు పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తారు. "పక్కింట్లో అప్పు తెచ్చుకో" అని ఎన్నిసార్లు చెప్పినా లాభం ఉండదు, ఎందుకంటే ఆ అప్పు ఏమిటో వాడు ఎన్నడూ చూడలేదు. ఐదు కట్టలు, రెండు పుల్లలు ముందు పెట్టండి. చెయ్యి చాపి "నాకు ఏడు పుల్లలియ్యి" అనండి. అని ఊరుకోండి. రెండు పుల్లలు మీ చేతిలో పెట్టి మీ ముఖం చూస్తారు, కట్టల వైపు చూస్తారు. కాసేపు ఏమీ మాట్లాడకండి, ఇక్కడే మనకు నోరు ఆగదు. కాసేపటికి ఎవరో ఒకరు "కట్ట విప్పనా మిస్?" అంటారు. ఆ ప్రశ్న వాళ్ల నోటి నుంచి రావాలి, అందుకోసమే ఇదంతా.

కట్ట విప్పగానే పలక అందివ్వండి. 5 కొట్టేసి 4, పైన 2 ఉన్నచోట 12. ఇప్పుడు పన్నెండు పుల్లల్లోంచి ఏడు మీకిస్తే ఐదు మిగులుతాయి, రాయమనండి. రెండు కట్టలు మీకిస్తే రెండు మిగులుతాయి, అదీ రాయమనండి. జవాబు 25. పుల్లలతో మొత్తం చేసేసి, తర్వాత నోటుబుక్కు తీసి అదే లెక్క మళ్లీ మామూలు పద్ధతిలో చేయించేవాళ్లున్నారు. అట్లా చేస్తే పిలకాయకు అవి రెండు వేరువేరు పనులవుతాయి, ఒకటి ఆట, ఇంకొకటి చదువు. చేతిదీ పలకదీ కలిసి నడవాలి.

ఇది వచ్చాక 304 లోంచి 128 ఇవ్వండి. మూడు పెద్దకట్టలు, నాలుగు పుల్లలు, మధ్యలో ఏమీ లేదు. ఎనిమిది పుల్లలు కావాలి, ఉన్నవి నాలుగే, విప్పుదామంటే చిన్నకట్ట ఒక్కటీ లేదు. పెద్దకట్ట విప్పితే పది చిన్నకట్టలు వస్తాయి, వాటిలో ఒకటి మళ్లీ విప్పాలి. మధ్యలో తొమ్మిది కట్టలు మిగిలాయి, పక్కన పద్నాలుగు పుల్లలయ్యాయి. పద్నాలుగులోంచి ఎనిమిది పోతే ఆరు, తొమ్మిదిలోంచి రెండు పోతే ఏడు, రెండులోంచి ఒకటి పోతే ఒకటి. 176. మధ్యలో సున్నా ఉంటే తొమ్మిది వేసెయ్యాలని మనం చిన్నప్పుడు బట్టీ పట్టాం కదా, ఆ తొమ్మిది ఎక్కడి నుంచి వచ్చిందో ఇక్కడ నేలమీద కనబడుతుంది.

రూపాయి బిళ్లలు, పది నోట్లు, వంద నోట్లతో చెప్పకూడదా అని అడుగుతారు. చెప్పొచ్చు, కానీ రెండో విడతలో. వంద నోటు పది నోటుకన్నా పదింతలు లావుగా ఉండదు, అది వంద అని మనందరం ఒప్పుకున్నాం కాబట్టి వంద. పెద్దకట్ట మాత్రం నిజంగానే వంద పుల్లలు, ఎత్తి చూస్తే బరువు తెలుస్తుంది. హంగేరీలో పుట్టిన గణితవేత్త జోల్తాన్ డీన్స్ ప్రచారంలోకి తెచ్చిన పదుల దిమ్మెల్లో కూడా ఇదే సూత్రం, ఒకటికి చిన్న ఘనం, పదికి కడ్డీ, వందకు పలక, వెయ్యికి పెద్ద దిమ్మె. కిట్లలో వచ్చేవి అవే. నన్నడిగితే మొదలుపెట్టడానికి పొరక పుల్లలే మేలు, ఎందుకంటే ప్లాస్టిక్ కడ్డీ విరగదు, దాన్ని ఇచ్చేసి పది చిన్నవి మార్చుకోవాలి. కట్ట అయితే అక్కడికక్కడే విప్పొచ్చు.

గుడ్ల ట్రే, ముగ్గు చుక్కలు

గుడ్ల ట్రేలో అటు ఐదు, ఇటు ఆరు గుంటలుంటాయి, మొత్తం ముప్పై. ఐదు ఆర్లు ముప్పై, ట్రే పక్కకు తిప్పితే ఆరు ఐదులు ముప్పై. ఒక్క గుంట కూడా పెరగలేదు, తగ్గలేదు. రెండు ఎక్కాలు కాదు, ఒకటే ట్రే అని తెలిశాక బట్టీ పట్టాల్సిన ఎక్కాల్లో దాదాపు సగం తగ్గిపోతుంది. ఎక్కాలు నోటికి రానక్కర్లేదని నేను అనను, రావాలి. కానీ 7 × 8 దగ్గర ఆగిపోయిన పిలకాయ మొదటి నుంచి పాడుకుంటూ రాకుండా, ఏడు వరసల్లో ఎనిమిదేసి గింజలు పేర్చి, మధ్యలో ఒక పుల్ల అడ్డం పెట్టి ఐదు వరసలు ఒకవైపు, రెండు వరసలు ఒకవైపు చెయ్యగలగాలి. ఐదు ఎనిమిదులు నలభై, రెండు ఎనిమిదులు పదహారు, మొత్తం యాభై ఆరు. ఆ అడ్డపుల్ల ఎక్కడ పెట్టాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి.

పన్నెండు గింజలిచ్చి వెలితి లేకుండా వరసలుగా ఎన్ని రకాలుగా పేర్చగలరో చూడమనండి. రెండు వరసల్లో ఆరేసి, మూడు వరసల్లో నాలుగేసి, లేదా పొడుగ్గా ఒకే వరస. తర్వాత పదమూడు ఇవ్వండి. ఎట్లా పేర్చినా గింజలు ఎక్కువో తక్కువో అవుతాయి, ఒక్క పొడుగు వరసే కుదురుతుంది. ప్రధాన సంఖ్య అనే మాట అప్పుడు చెబితే అది దేనికి పేరో ముందే తెలిసి ఉంటుంది.

వాకిట్లో ముగ్గు వేసే ఇల్లయితే ఇంకా మంచిది. ఏడు చుక్కలు అడ్డంగా పెట్టి, పైకీ కిందకీ ఐదు, మూడు, ఒకటి అని తగ్గిస్తూ పొండి. మొత్తం ఎన్ని చుక్కలు? అడ్డం వరసల్లో 1, 3, 5, 7, 5, 3, 1, కూడితే 25. ఇప్పుడు అదే ముగ్గును ఏటవాలుగా చూడమనండి, నాలుగు చుక్కల వరసలు నాలుగు, వాటి సందుల్లో మూడు చుక్కల వరసలు మూడు. పదహారు, తొమ్మిది, మళ్లీ పాతికే. నాలుగు నాలుగుల చుక్కల మీద ఒక రంగు, మూడు మూళ్ల మీద ఇంకో రంగు వేయించండి, ఐదో తరగతి పిలకాయలు నోరెళ్లబెడతారు. వాళ్ల అవ్వలు ముగ్గు వేస్తూ ఇవన్నీ చూపులోనే తేల్చేసేవాళ్లు.

భాగహారంలో ఒక్కటి గుర్తుపెట్టుకోండి. 12 ÷ 3 అంటే పన్నెండు గింజల్ని ముగ్గురికి పంచడమూ అవుతుంది, ముగ్గురికని కాకుండా మూడేసి చొప్పున ఎన్ని కుప్పలొస్తాయో చూడడమూ అవుతుంది. జవాబు నాలుగే అయినా చేతులు చేసే పని వేరు. బడిలో ఎక్కువగా మొదటిదే చెబుతారు, రెండోది చెప్పకపోతే పెద్ద తరగతుల్లో 6 ÷ ½ అనగానే తెల్లముఖం వేస్తారు. ఆరింటిని అర మందికి ఎట్లా పంచాలి? ఆరు అట్టముక్కల్లో అరలు ఎన్నున్నాయి అంటే మాత్రం ఎవరైనా పన్నెండు అంటారు.

భిన్నాలకు పెళ్లిపత్రికలు

దోసె, చపాతీ కోసి చూపించడం అందరూ చేసేదే. సగం, పావు దాకా బాగుంటుంది, ఐదో వంతు కొయ్యమంటే పెద్దవాళ్ల వల్లే కాదు. పెళ్లిపత్రికల అట్టను ఒకే పొడవు, ఒకే వెడల్పు పట్టీలుగా కత్తిరించండి. ఒక పట్టీని ముక్కలు చెయ్యకుండా ఉంచండి, అది ఒకటి. మిగతావి రెండు, మూడు, నాలుగు, ఆరు, ఎనిమిది భాగాలుగా స్కేలుతో గీసి కత్తిరించాలి. 24 సెంటీమీటర్ల పట్టీ అయితే ఇవన్నీ లెక్కకు సరిగ్గా కుదురుతాయి, పత్రిక అంత పొడవు లేకపోతే 12 తీసుకోండి. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడగండి. నాలుగో వంతే అంటారు, మూడు కన్నా నాలుగు పెద్దది కాబట్టి. మీరు కాదనొద్దు, ముక్కలు పక్కపక్కన పెట్టి చూసుకోమనండి. సగం ముక్క మీద పావులు రెండు సరిగ్గా పడతాయి, ఆరో వంతులు మూడు కూడా పడతాయి. ½, 2/4, 3/6 ఒకటేనని అప్పుడు వాళ్లే అంటారు.

ఇంకొక తికమక ఉంది. తిరుమల నుంచి ఎవరైనా చిన్న లడ్డు, కల్యాణం లడ్డు రెండూ తెచ్చినప్పుడు అడగండి, చిన్నదాంట్లో సగం తీసుకుంటావా, పెద్దదాంట్లో సగమా? రెండూ సగాలే అయినా సమానం కావు. దేంట్లో సగం అనేది చెప్పకుండా సగం అంటే అర్థం లేదని నోట్లో నీళ్లూరుతుండగా తెలిసిపోతుంది.

పెద్ద తరగతులకు

ఆరేడు తరగతుల వాళ్లకు గింజలిస్తే చిన్నపిల్లల ఆటని ముఖం తిప్పుకుంటారు. వాళ్లకు ఒకవైపు అరగదీసిన గింజలివ్వండి. పచ్చీసు ఆడటానికి పెద్దవాళ్లు బండ మీద రుద్ది తెల్లగా చేసేవాళ్లే, అట్లాంటివి. తెల్లవైపు +1, నల్లవైపు −1. ఒక తెలుపు, ఒక నలుపు కలిస్తే సున్నా, జంటగా తీసి పక్కన పెట్టొచ్చు, కావాలంటే జంటగానే తెచ్చి కలపొచ్చు. (+3) + (−5) అంటే మూడు తెలుపులు, ఐదు నలుపులు. మూడు జంటలు పోతాయి, రెండు నలుపులు మిగులుతాయి, −2.

ఇప్పుడు 3 − (−2). మూడు తెలుపులున్నాయి, రెండు నలుపులు తీసెయ్యమంటున్నారు, నలుపు ఒక్కటీ లేదు. ఇక్కడ సున్నా జంటలు పనికొస్తాయి. రెండు జంటలు తెచ్చి కలిపితే విలువ మారదు, ఇప్పుడు అందులోంచి నలుపులు రెండూ తీసెయ్యొచ్చు. చూస్తే ఐదు తెలుపులు. మైనస్ మైనస్ ప్లస్ అని బడిలో అప్పజెప్పిన వాక్యం చేతిలో గింజలుగా కనబడేసరికి మీసాలొస్తున్న మగపిల్లలు కూడా ఇంకొకటివ్వండి మిస్ అంటారు. మైనస్‌ను మైనస్‌తో గుణించడం మాత్రం గింజలతో చెప్పబోకండి, లాక్కొచ్చినట్టుంటుంది. దానికి 3 × −2, 2 × −2, 1 × −2, 0 × −2 వరసగా రాయించి, జవాబులు −6, −4, −2, 0 అని రెండేసి పెరుగుతున్నాయి కదా, −1 × −2 ఎంతవ్వాలి అని అడిగితే సరిపోతుంది.

కొండ నడిచి ఎక్కేటప్పుడు అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. మెట్ల మీద అక్కడక్కడా నంబర్లుంటాయి. 1,200వ మెట్టు దగ్గర కూర్చున్నప్పుడు 3,550కి ఇంకా ఎన్నని అడగండి, పలక లేకుండా. 1,500కి మూడొందలు, 3,500కి రెండు వేలు, ఇంకో యాభై. మొత్తం 2,350. తీసివేతను కూడుకుంటూ పోయి చెయ్యడం ఇట్లా వస్తుంది, దుకాణంలో చిల్లర ఇచ్చేవాళ్లు చేసేదీ ఇదే.

జ్యామితికి అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు చాలు. చెత్తతో బొమ్మలు చేసి సైన్సు చెప్పే అరవింద్ గుప్తా ఈ పద్ధతిని దేశమంతా పరిచయం చేశారు. త్రిభుజం చేసి నొక్కితే కదలదు, చతురస్రం నొక్కితే పక్కకు ఒరుగుతుంది. ఒరగకుండా ఉండాలంటే ఎక్కడ ఇంకో పుల్ల కావాలో వాళ్లే కనుక్కుంటారు.

ఎప్పుడు తీసెయ్యాలి

వస్తువు ఎంత అవసరమో, దాన్ని వదిలించడం అంతే అవసరం. కట్ట విప్పకముందే జవాబు చెబుతున్నారంటే పుల్లల పని అయిపోయినట్టే. ఒక్కసారిగా లాక్కోకుండా ముందు పళ్లెం కింద దాచండి. ఎనిమిది గింజలు చూపించి, కొన్నింటి మీద పళ్లెం బోర్లించి, మూడే కనబడుతున్నాయి, లోపల ఎన్ని అని అడగండి. తర్వాత పుల్లల బదులు పలక మీద గీతలు, చుక్కలు గీసుకోమనండి, కట్టకు గీత, విడిపుల్లకు చుక్క. ఆ తర్వాత అంకెలు మాత్రమే. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే మళ్లీ పుల్లలు తియ్యండి, ఇంకా పుల్లలేనా అని మాత్రం అనకండి. జవాబు తప్పయినప్పుడే కాదు, సరిగ్గా వచ్చినప్పుడు కూడా ఎట్లా వచ్చిందని అడగండి. తప్పయినప్పుడే అడిగితే, ఎట్లా అనగానే రబ్బరు తీసుకుని చెరిపేస్తారు.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడికి చెందిన రివర్ అనే విద్యా వనరుల సంస్థ వాళ్లు పల్లెబడుల కోసం ఈ పద్ధతినే కార్డులుగా, మెట్లుమెట్లుగా తయారుచేశారు. ఒకే గదిలో నాలుగు తరగతుల పిలకాయలు ఎవరి కార్డు వాళ్లు తీసుకుని, ఎవరి వేగంతో వాళ్లు ముందుకెళ్తారు. ఇంట్లో ఇద్దరు ముగ్గురుంటే అదే చెయ్యొచ్చు, పెద్దదాన్ని చిన్నవాడికి కట్టలు చెప్పమంటే దానికి కూడా ఒకసారి గట్టిపడుతుంది.

పరీక్షలో పుల్లలివ్వరు కదా అని తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు. ఇవ్వరు. అందుకే గీతలు, చుక్కల మెట్టు మధ్యలో పెట్టింది. పేపరు పక్కన రఫ్‌లో ఐదు గీతలు, రెండు చుక్కలు గీసి ఒక గీత కొట్టేసి పది చుక్కలు పెట్టుకుంటే ఎవరూ మార్కులు కొయ్యరు.